పిలవని పెళ్ళిళ్ళు

మా అయ్య పిలవని పెళ్ళిళ్ళకు వెళ్ళేవాడు. తిండి కోసం కాదు. ఆ మాట ఎవరి నోటా రాకూడదని చద్దిమూట ఇంటి దగ్గరే కట్టించుకునేవాడు. పందిరికి అవతల ఏ జీడిచెట్టు కిందో, గడ్డిమేటు పక్కనో కూర్చుని తెచ్చుకున్నది తిని, చెయ్యి ఇసకతో తుడుచుకుని మేళం వినేవాడు. టెక్కలి ఎల్లాజీ మేళం ఒక్కటే. వేరే మేళమని తెలిస్తే పొలిమేర దాకా వెళ్ళినవాడు కూడా వెనక్కి తిరిగేవాడు.

ఆ బ్యాండు మొదలుపెట్టింది ఎల్లాజీ తండ్రి. యుద్ధం రోజుల నాటి సంగతి. వాయించేవాళ్ళు కొందరు పోయారు, కొందరు మానేశారు, కొత్తవాళ్ళు చేరారు. ఎర్రకోట్లు మాత్రం అవే. మోచేతుల దగ్గర అతుకులు పడి, ఇత్తడి గుండీలు ఊడి, వాటి స్థానంలో చొక్కా గుండీలు వచ్చాయి. మా అయ్య ఆ మేళాన్ని మొదటిసారి విన్నది తన పెళ్ళిలోనే. "పెల్లికూతురెలా ఉందిరా దాలిగా అని అడిగితే, కిలారినెట్టు బాగుందన్నాడట మీ అయ్య" అని మా అమ్మ ఏ తగువులోనైనా ఈ మాట తెచ్చేది.

నేను చెప్పేది అరవైతొమ్మిది వేసవి గురించి. ఆ ఏడు నేను పుట్టింట్లో ఉన్నాను. నా మొగుడు ఖరగ్‌పూర్ పనికి పోయి అక్కడ ఇంకో ఆవిడతో కాపురం పెట్టాడు. అత్తవారు నా ట్రంకుపెట్టె బండిలో వేసి, నన్ను దాని పక్కన కూర్చోబెట్టి పంపించేశారు. మా ఊరు ఉద్దానంలో, సముద్రపు హోరు వినబడేంత దూరంలో ఉంది. చుట్టూ కొబ్బరి, జీడి. నీడకి లోటు లేదు గాని, నాకు కూర్చోవడానికి చోటు లేకపోయింది. పేరంటానికి వెళితే బొట్టు పెట్టాలో వద్దో తెలియక ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకునేవారు. నేనే వెళ్ళడం మానేశాను.

చైత్రం చివర్లో ఒక మధ్యాహ్నం అయ్య గుమ్మంలో నిలబడి, ఎటో చూస్తూ అన్నాడు.

"కామాచ్చీ, బారువలో పెల్లుంది. వత్తావేటి?"

"పిలిసినారేటి?"

"పిలిత్తే లోపలికెల్లాల. పిలవకపోతే బయట కూకోవచ్చు. మనకి బయటే బాగుంటాది."

అమ్మ పొయ్యి దగ్గర్నుంచి అరిచింది. "దానికి తిరుగుల్లు నేర్పు. ఉన్న పరువు సాలదు నీకు!"

"నలుగురు నడిసే దారినే కదే ఎల్తన్నాం," అన్నాడు అయ్య, ఇంకో ముద్ద చద్దన్నం మూటలో వేసుకుంటూ.

బారువలో ఆ సాయంత్రం పెళ్ళివారి వీధి చివర, ఎండబెట్టిన చేపల వాసనలో, తిరగేసిన పడవ మీద కూర్చున్నాం. ఎల్లాజీ పొట్టి మనిషి. ఒక కన్ను ఎప్పుడూ సగం మూసే ఉండేది. కిలారినెట్టు నోట పెట్టుకుని, ఒట్టి గాలి ఊది, దించి, ఆకాశంకేసి చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. అప్పుడొచ్చింది సన్నగా, దూరం నుంచి ఎవరో పిలుస్తున్నట్టు ఒక స్వరం. వెనక నుంచి బాకాలు అందుకున్నాయి. పెద్ద డోలు, సైడు డ్రమ్ము కలిశాయి. అయ్య తల ఊపలేదు, చప్పట్లు కొట్టలేదు. పడవ అంచు మీంచి వేలాడే అతని కాలి బొటనవేలు ఒక్కటే కదులుతూ ఉంది.

నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. ఇంటికొచ్చిన రోజు నుంచీ గుండె మీద కూర్చున్నదేదో లేచి కొంచెం పక్కకు జరిగింది. అంతే. అదే చాలనిపించింది.

ఊరేగింపు గుడి దగ్గర ఆగినప్పుడు సైడు డ్రమ్ము కుర్రాడు ఆకులో ముంజెలు పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. పేరు అప్పలసూరి. ఎల్లాజీ భార్యకి తమ్ముడు. పగలంతా పలాసలో జీడిపప్పు కార్ఖానాలో బస్తాలు మోసి, సాయంత్రం సైకిలు మీద మేళంలోకి వచ్చేవాడు.

"తినప్పా," అన్నాడు నాతో. "మీ అయ్య మాకు దేవుడు లాగ. మేం తప్పు కొడితే ఈయన కాలివేలు ఆగిపోద్ది. అప్పుడు మా బావ నన్ను తిడతాడు."

అప్పా అన్నాడు, సొంత అక్కని పిలిచినట్టు. ఇంటికొచ్చాక నన్ను ఏమని పిలవాలో తడుముకోకుండా పిలిచిన మొదటి మనిషి అతనే.

ఆ తర్వాత మేం వరసగా వెళ్ళాం. మందస, హరిపురం, పూండి, కాశీబుగ్గ. ఒక్కోసారి బస్సు, ఎక్కువసార్లు నడక. జీడిపళ్ళు రాలి కుళ్ళే వాసన దారంతా మాతో వచ్చేది. మేళంవాళ్ళకు పెళ్ళివారు పాక వెనకాల విస్తళ్ళు వేసేవారు, వాళ్ళ కులానికి అక్కడే వడ్డన. అయ్య వాళ్ళకు ఎదురుగా కూర్చుని తన మూట విప్పుకునేవాడు. వాళ్ళతో కలిసి తినలేదు. అంతవరకు మా అయ్య కూడా ఊరందరిలాంటి వాడే. కానీ వాళ్ళు తినడం అయ్యే వరకు లేచేవాడు కాదు.

మేళం ఏ రోజు ఏ ఊళ్ళో ఉంటుందో అయ్యకి తెలిసినట్టు ఎల్లాజీకి కూడా తెలియదేమో. బండి తోలేవాణ్ణి అడిగి, బాకా ముసలాయన్ని అడిగి అన్నీ మనసులో పెట్టుకునేవాడు. పెళ్ళి కుదిరిన ఇళ్ళవాళ్ళు మా ఇంటికొచ్చి, "దాలయ్యా, దశమినాడు ఎల్లాజీ కాళీయేనా?" అని అడిగి వెళ్ళేవారు. అయ్య అరుగు మీద కాలు మీద కాలు వేసుకుని, "దశమికి కోటబొమ్మాలి ఒప్పీసుకున్నాడు. ఏకాదశికి అడగండి," అనేవాడు. జీవితంలో మొదటిసారి ఊరివాళ్ళు అతన్ని ఏదో ఒకటి అడుగుతున్నారు.

ఆ కోటబొమ్మాళి పెళ్ళిలోనే జరిగింది, అయ్య మరిచిపోలేనిది. బస్సు చెడిపోయి మేం ఆలస్యంగా చేరాం. పెళ్ళివారు తొందరపడుతున్నారు. మేళం నిలబడే ఉంది, మొదలుపెట్టలేదు. మేం సంత పాకల వెనక నుంచి వస్తుంటే ఎల్లాజీ సగం కన్ను ఇటు తిప్పాడు.

"మావొచ్చినాడు. కానీండర్రా," అన్నాడు.

ఇంటికి వచ్చేటప్పుడు దారిలో అయ్య ఆ మాట నాతో ఎన్నిసార్లు అనిపించుకున్నాడో. "ఏటన్నాడే? మల్లీ సెప్పు. మావ అన్నాడా, దాలి మావ అన్నాడా?"

జ్యేష్ఠం వచ్చేసరికి మా ఊరి బడిలో పోలీసు క్యాంపు పెట్టారు. అంతకుముందు ఏడాది నుంచే కొండల మీద గొడవలని వింటున్నాం. చదువుకున్న కుర్రాళ్ళు ఇళ్ళు వదిలి వెళ్ళారనీ, గిరిజనుల్ని కూడగడుతున్నారనీ, షావుకార్ల ఇళ్ళ మీద పడుతున్నారనీ చెప్పుకునేవారు. ఇప్పుడు అది ఉద్దానం దాకా వచ్చింది. పొద్దు వాలితే వీధిలో మనిషి ఉండేవాడు కాదు. నలుగురు కూడితే ఎందుకని అడిగేవారు. పెళ్ళిళ్ళు మాత్రం ఆగలేదు. ఎవరింట పెళ్ళయినా ముందు క్యాంపుకి వెళ్ళి చెప్పి రావాలి.

క్యాంపుకి ఇంటికొకరు చొప్పున కొబ్బరిబొండాలు పంపాలని మునసబు చాటించాడు. మా వంతు వచ్చిన రోజు అయ్య కావడి, నేను గంప. బడి వరండాలో ఇనస్పెక్టరు మడతకుర్చీలో కూర్చుని ఉన్నాడు. మా వైపువాడు కాదు, మాట నున్నగా ఉంది. అయ్య బొండం కొట్టి ఇస్తే తాగి, మూతి తుడుచుకుని, "కూర్చో పెద్దాయనా," అన్నాడు.

అయ్య కూర్చోలేదు. కూర్చోమని మళ్ళీ అంటే మెట్టు మీద కూర్చున్నాడు.

"నీకు పాటలంటే ప్రాణమటగా. ఎల్లాజీ మేళం ఎక్కడున్నా నువ్వుంటావటగా. మా ఆవిడకీ అంతే. బ్యాండు వినిపిస్తే చేతిలో పని వదిలేస్తుంది."

అయ్య మొహం విప్పారింది. "అమ్మగారు ఎల్లాజీని ఇనాలి బాబూ. మిగతావోలు ఊదుతారు. ఆడు పిలుత్తాడు."

"వినిపించాలి. మళ్ళీ ఎక్కడుంది వాళ్ళ మేళం?"

అయ్య చెప్పాడు. ఎల్లుండి మందస. ఆ తర్వాత రెండు రోజులు లేదు. శుక్రవారం సోంపేట పక్కన, సరుగుడు తోటల దగ్గర ఊళ్ళో. ఆదివారం టెక్కలిలోనే. ఒక్క తడుము కూడా లేకుండా, చదువుకున్న పిల్లాడు పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పాడు. ఇనస్పెక్టరు ఆశ్చర్యపోయినట్టు నవ్వాడు.

"వాళ్ళంతా ఒకే బండిలో వస్తారా? అంత సామానుతో?"

నేను గంప ఎత్తుకున్నాను. "అయ్యా, పోదాం రా. ఎండెక్కిపోతంది."

"ఉండవే. బాబు అడగతన్నారు గదా." అటు తిరిగాడు. "అందరూ బండే బాబూ. సైడు డ్రమ్ము గుంటడొక్కడే సైకిలు. ఒడ్డు దారంట వత్తాడు, అది అడ్డదారి. పొద్దు గూకక ముందే దిగిపోతాడు. ఆడొచ్చీదాకా ఎల్లాజీ ఊదడు."

"బాగా వాయిస్తాడా?"

"అప్పలసూరా! ఆడి సేతులు మనిసి సేతులు కావు బాబూ."

ఇనస్పెక్టరు మాకు టీ ఇప్పించాడు. గాజు గ్లాసుల్లో, చక్కెర వేసి. దారిలో అయ్య గాలిలో నడుస్తున్నట్టు నడిచాడు.

"అంత ఉద్దోగం. అయినా పాటంటే ఎంత మరియాదో సూసినావా?"

"అయన్నీ ఎందుకు సెప్పినావు?"

"ఏటి సెప్పినాను? పెల్లిపందిట్లో వాయించీడం దొంగతనమేటి?"

ఖాళీ గంప చంక మార్చుకుని ముందు నడిచాను.

శుక్రవారం సోంపేట పక్క ఊరికి వెళ్ళాం. ఎడ్లబండి మాకంటే ముందే వచ్చింది. ఎర్రకోట్లు తొడుక్కుని అందరూ నిలబడ్డారు. సైడు డ్రమ్ము బండి చక్రానికి ఆనించి ఉంది. ఎల్లాజీ ఒడ్డు దారికేసి చూస్తున్నాడు. పెట్రోమాక్సు లైట్లు వెలిగించారు. పెళ్ళికొడుకు తండ్రి రెండుసార్లు వచ్చి గదమాయించాడు.

"ఆడు రానీయండి బాబూ. వచ్చీత్తాడు."

"మీవాడు వచ్చేదాకా ముహూర్తం ఆగుతుందేటి?"

ఇక తప్పక ఎల్లాజీ కిలారినెట్టు ఎత్తాడు. సైడు డ్రమ్ము లేని పాట కుంటుకుంటూ సాగింది. అయ్య వేలు కదల్లేదు. అతను కూడా ఒడ్డు దారికేసే చూస్తున్నాడు. నేను అతని మొహంకేసి చూశాను. అప్పటికి తెలిసింది అతనికి. తెలిసింది గాని, ఇంకా నమ్మలేదు.

సరుగుడు తోటలోంచి పోలీసులు వచ్చారు. పరుగెత్తలేదు, అరవలేదు. వచ్చి మేళం చుట్టూ నిలబడ్డారు. పాట మధ్యలో ఆగిపోయింది. ఎర్రకోట్లవాళ్ళని ఇసకలో గొంతుకూర్చోబెట్టారు. డోలు తోలు కత్తితో చీల్చి లోపల చెయ్యి పెట్టి చూశారు. పెళ్ళికూతురు పందిట్లో గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది.

ఇనస్పెక్టరు చివర్లో వచ్చాడు. అటూ ఇటూ చూసి, చీకటి పడ్డ చెట్టు కింద ఉన్న మమ్మల్ని పోల్చుకున్నాడు. నాలుగడుగులు మా వైపు వేసి, అందరూ వింటుండగా, సంతోషంగానే అన్నాడు.

"ఏం పెద్దాయనా, వచ్చావా! నువ్వు చెప్పినట్టే ఒడ్డు దారినే వచ్చాడు కుర్రాడు."

అయ్య లేచి నిలబడి చేతులు జోడించాడు. పెద్దవాళ్ళు పలకరిస్తే అలా చెయ్యడం అతనికి పుట్టుకతో అలవాటు.

ఇసకలో కూర్చున్న ఎల్లాజీ తల ఎత్తాడు. రెండు కళ్ళూ తెరిచి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఇనస్పెక్టరు మాట్లాడింది ఎవరితోనో రూఢి చేసుకున్నట్టు చూసి, తల దించేసుకున్నాడు.

వారం పది రోజుల తర్వాత మునసబు ఇంటికొచ్చిన పత్రికలో పడింది, కొండల్లో ఎదురుకాల్పులు జరిగాయని. ఒడ్డు దారిన పట్టుకున్న అప్పలసూరి కూడా అందులో చచ్చిపోయాడట, పేరు తప్పు రాశారు. కొండల మీద వాళ్ళకు బియ్యం, మందులు సైకిలు మీద చేరవేశాడని అన్నారు. చేశాడేమో. మాకు తెలిసింది అతని డ్రమ్మూ, ఆకులో ముంజెలూ.

ఊళ్ళో ఎవరూ అయ్యని పల్లెత్తు మాట అనలేదు. అదే అతన్ని తినేసింది. అన్నా బాగుండేది. అంతకుముందు దాలిగా అని పిలిచినవాళ్ళు దాలయ్యగారూ అనసాగారు. టీకొట్టు దగ్గరికి వెళితే మాటలు ఆగిపోయేవి, బెంచీ ఖాళీ అయ్యేది. మునసబు మా ఇంటి ముందు ఆగి క్షేమసమాచారాలు అడగడం మొదలుపెట్టాడు. ఒకాయన తన కొడుకుని క్యాంపులో రోజూ సంతకం పెట్టడానికి పిలుస్తున్నారనీ, అయ్యని ఒక మాట వెయ్యమనీ అరటిగెల పట్టుకొచ్చాడు. అయ్య గదిలోంచి బయటికి రాలేదు. అరటిగెల అరుగు మీదే మగ్గి నల్లబడింది. అమ్మ కూడా దాన్ని ముట్టుకోలేదు. ఏ తగువులోనైనా వచ్చే ఆ పెళ్ళినాటి మాట ఆ తర్వాత ఆమె మరెప్పుడూ ఎత్తలేదు. అయ్య ఉన్న గదిలోకి నేను అన్నం పట్టుకెళ్ళి, పెట్టి, మాట్లాడకుండా వచ్చేసేదాన్ని. కోపం ఉంది నాకు. దాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియలేదు.

మేళంవాళ్ళని క్యాంపులోంచి వదిలేశారని ఆషాఢంలో తెలిసింది. మర్నాడు పొద్దున్నే అయ్య బొండాలు కావడిలో పెట్టుకున్నాడు.

"టెక్కలెల్తాను. ఎల్లాజీతో ఓ మాట సెప్పాల."

"ఏటి సెప్తావు?"

"తెలవక సెప్పీసినానని."

ఒక్కణ్ణి పంపడానికి మనసొప్పక నేనూ వెళ్ళాను.

టెక్కలిలో ఎల్లాజీ వాళ్ళ పేట ఊరి చివర ఉంది. తాటాకు చూరు కింద అతను నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. మమ్మల్ని చూడగానే ఇంట్లో పిల్లలు లోపలికి పరుగెత్తారు. అతని భార్య నూకాలమ్మ చేతిలో చీపురు కింద పెట్టి, కొంగు సవరించుకుని నిలబడింది. ఎల్లాజీ మంచం పట్టె పట్టుకుని లేచాడు. నడుం నిలవడం లేదు. కింది పెదవి వాచి పక్కకి తిరిగి ఉంది. తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"రండి బాబూ. కబురెడితే నానే వద్దును కదా."

బాబూ అన్నాడు. అయ్య కావడి దించడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు.

"ఎల్లాజీ, నాను... ఆయన పాటల గురించడిగినాడు. నాకేటి తెలుసు? నాను..."

"మీరేటీ సెప్పనక్కర్నేదు బాబూ. మా తప్పే. మాకు తెలిసిందంతా అక్కడే సెప్పీసినాం. ఇంకేటీ నేదు మా దగ్గిర."

"దాని కోసం రానేదురా. నీ కోసమొచ్చినాను."

నీ కోసమంటే ఎల్లాజీకి ఇంకోలా అర్థమయింది. భార్యకేసి చూశాడు. ఆమె లోపలికి వెళ్ళి గుడ్డలో చుట్టిన కిలారినెట్టు తెచ్చి ఇచ్చింది. క్యాంపులో దాని మీటలు రెండు ఊడిపోయాయి, దారంతో కట్టారు.

"ఏ పాట కావాల బాబూ?"

"వద్దురా," అన్నాడు అయ్య. "వద్దు. కూకో నువ్వు."

కూర్చోలేదు. ఆ వాచిన పెదవికి కిలారినెట్టు ఆనించి, నిలబడే ఊదడం మొదలుపెట్టాడు. గాలి పక్కలనుంచి పోతోంది. ఒక స్వరం పలికితే రెండు పలకడం లేదు. గడ్డం మీదికి నెత్తురు చుక్క దిగింది. ఆపమని అయ్య రెండు చేతులూ చాపాడు. ఎల్లాజీ ఆ చేతుల్ని చూసి ఇంకా గట్టిగా ఊదాడు. పాట మొత్తం వాయించాడు. మా అయ్య మొత్తం విన్నాడు. పాతికేళ్ళు ఆ మనిషి వెనక తిరిగితే, అతను మా అయ్య ఒక్కడికోసం వాయించిన పాట అదొక్కటే.

వచ్చేస్తుంటే నూకాలమ్మ సందు మలుపు దాకా నా వెనక వచ్చి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఆడి శవాన్ని మాకు సూపించనేదు. మీ అయ్య ఒక మాటంటే ఇత్తారు కదా. ఎముకలైనా ఇమ్మని సెప్పవా తల్లీ?"

బస్సు ఎక్కాక అయ్య అడిగాడు. "ఏటందే ఆవిడ?"

నేను దాచలేదు. చెప్పాను. కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నాడు.

మర్నాడు ఉతికిన పంచె కట్టుకుని క్యాంపుకి వెళ్ళాడు. పొద్దు వాలుతుండగా వచ్చాడు. అరుగు మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన నీళ్ళు తాగకుండా చెంబు పక్కన పెట్టాడు.

"కుర్సీ ఏసినారు," అన్నాడు. "టీ ఇచ్చినారు. శవాన్ని అక్కడే తగలెట్టీసినారట. ఇంకేటీ నేదట."

అయ్య నాకేసి చూశాడు, చాలా రోజుల తర్వాత.

"నువ్వెల్లి సెప్పు ఆవిడకి. నన్ను సూత్తే లెగిసి నిలబడతారు."

నేను ఒక్కదాన్నే టెక్కలి వెళ్ళాను. నూకాలమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టి, లేచి నిలబడింది.